మోచేతి కొలత

నిలబడి పనిచేసుకునే ఎత్తు బెంచీలు మూడింటిని షెడ్డు ముందు వరసగా పెట్టారు. అలిగొచ్చిన అల్లుళ్ళలా అవి ఎండలో బిగుసుకుని నిలబడ్డాయి.

“ఎంచుకో లీడరమ్మా. పని చేసేది మీరు కాబట్టి ఏది కావాలో మీరే చెప్పాలని ఓనరు గారి ఆర్డరు,” అన్నాడు సూపర్‌వైజరు. అతని మెడలో ఎప్పుడూ ఓ స్టాప్‌వాచి వేలాడుతుంటుంది కాబట్టి ఆడవాళ్ళంతా చాటున అతన్ని గడియారం అంటారు. ఎదురుగా మాత్రం సార్.

లీడరమ్మ ఈ షెడ్డులో పదకొండేళ్ళుగా నీళ్ళ వాల్వులు బిగిస్తోంది, ఆ బిగించే ఆడవాళ్ళకి లీడరు కూడా. ఇన్నేళ్ళలో ఆమెని ఎవరూ ఏదీ ఎంచుకోమన్న పాపాన పోలేదు. యూనిఫాం రంగు అడగలేదు, టీ టైము అడగలేదు. ఇప్పుడైనా ఓనరుకి ఉన్నట్టుండి మంచిబుద్ధి పుట్టి అడగలేదు. వాల్వులు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చే నెల చూడ్డానికొస్తున్నారు. వాళ్ళు ముందుగా పంపిన కాగితాల్లో ‘పనివాళ్ళని సంప్రదించారా?’ అని ఓ ప్రశ్న, పక్కన టిక్కు పెట్టడానికి ఓ చిన్న గడి ఉన్నాయి. ఆ గడే లీడరమ్మ.

అయినా సరే, అడిగారు కదా అని ఆవిడ దాన్ని నెత్తిన పెట్టుకుంది. లోపలికెళ్ళి వాల్వుని కదలకుండా కరిచిపట్టే తన వైస్ ఊడదీసుకుని, రెండు వాల్వులూ స్పానరూ కొంగులో వేసుకుని వచ్చింది. బెంచీలు అమ్మే ఆయన కేటలాగు తెరవబోతే, “బొమ్మలు తర్వాత చూస్తాలెండి,” అని మొదటి బెంచీని వేళ్ళ కణుపులతో తట్టింది. నీలం రంగు, నాలుగు సొరుగులు, తాళాలు. చూడ్డానికి బీరువా చెల్లెల్లా ఉంది. తడితే మాత్రం ఖాళీ డబ్బాలా మోగింది.

“రెండు నెలల్లో సొట్టలు పడుతుందిది,” అంది.

రెండోదానికి పక్కన పిడి ఉంది. తిప్పితే బెంచీ పైకి లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. అమ్మే ఆయన మూడుసార్లు లేపి, మూడుసార్లు దించి, గారడీ చూపించినవాడిలా చుట్టూ చూశాడు. లీడరమ్మ వైస్‌ని దాని అంచుకి బిగించి, వాల్వు అందులో పెట్టి, స్పానరుతో నట్టు గట్టిగా లాగింది. బెంచీ తల ఊపింది. ఇంకోసారి లాగింది. ఇంకోసారి ఊపింది.

“నేనేమంటే దానికి ఊఁ అంటోందండీ. నాకు మా ఇంట్లో కూడా ఇంత వినయం అలవాటు లేదు,” అందావిడ. ఆడవాళ్ళు నవ్వారు.

మూడోదానికి పైన రెండంగుళాల మందం చెక్క, కింద ఇనప కాళ్ళు, అడ్డంగా మళ్ళీ ఇనప పట్టీలు, అన్నీ వెల్డింగు చేసేసినవి. సొరుగూ లేదు, పిడీ లేదు. పాదాల దగ్గర మాత్రం చిన్న మరలున్నాయి, నేల ఎగుడుదిగుడుగా ఉంటే సర్దుకోడానికి. లీడరమ్మ దాని మీద నట్టు బిగించింది. ఆ తర్వాత స్పానరు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. కదల్లేదు.

“వదినా, నువ్వు లాగి చూడు,” అని పిలిచింది.

వదినంటే మొగుడి అక్క. ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఈ షెడ్డులో ముందు చేరింది వదినే, లీడరమ్మని తెచ్చి చేర్పించిందీ ఆవిడే. షెడ్డు మొత్తానికి పొట్టి మనిషి. కొప్పుతో కలిపి కొలిస్తే లీడరమ్మ భుజం దాకా వస్తుంది. కుడి భుజం రెండేళ్ళుగా సలుపుతోంది. బెంచీ ఊగినప్పుడల్లా చేతిలో బలం సగం నట్టుకీ, సగం భుజానికీ పోతుంది. రోజుకి రెండు వందల నలభై వాల్వులు చెయ్యాల్సిన మనిషి ఈమధ్య రెండు వందల పది దగ్గరే ఆగిపోతోంది.

వదిన ఎడంచేత్తో భుజం పట్టుకుని కుడిచేత్తో లాగింది. నట్టు కూర్చుంది. ఆవిడ లీడరమ్మ వైపు చూసి కనుబొమలెగరేసింది.

“ఇదేనండీ,” అంది లీడరమ్మ.

“బాగా ఆలోచించుకోండమ్మా. ఇది ఒకసారి చేశాక ఎత్తు మారదు,” అన్నాడు అమ్మే ఆయన. “ఎవరి కొలత వాళ్ళదిస్తే ఎవరి బెంచీ వాళ్ళకి చేసిస్తాం. మోచేతికి నాలుగు వేళ్ళు కిందుండాలి. అదీ లెక్క.”

“మారకపోతే ఏం? మా వయసుకి ఇంకా పెరుగుతామా?”

“తరుగుతాంగా,” అంది వదిన.

గడియారం నవ్వలేదు. “కొత్త బెంచీలొచ్చాక మూడు రోజులు కౌంటు తీస్తాను. సగటు రెండు నలభై రానివాళ్ళు ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు. బెంచీ బాగాలేదన్న సాకు ఇంక ఉండదు కదా,” అన్నాడు. అందరికీ కలిపే అన్నాడు గానీ చూపు మాత్రం ఒక్కచోటే ఉంది.

మధ్యాహ్నం లీడరమ్మ టేపూ నోటుపుస్తకమూ పట్టుకుని కొలతలకి బయల్దేరింది. పాత బెంచీలు ఎప్పుడో మగవాళ్ళ కోసం చేసినవి. అందుకని పదకొండు మందిలో ఏడుగురి కాళ్ళ కింద చెక్కలుంటాయి. ఎవరి చెక్క వాళ్ళదే. వదిన చెక్క మీద రెండు పాదాల గుర్తులూ గుంటలు పడి ఉన్నాయి. నూనె తాగీ తాగీ ఆ చెక్కలు నేల రంగులోకే తిరిగిపోయాయి, ఊడ్చే మనిషి కూడా వాటి చుట్టూ ఊడుస్తుంది గానీ కదపదు.

ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. లీడరమ్మ టేపు కొసని తన బొటనవేలితో నేలకి తొక్కిపట్టి, పైకి లాగి, మోచేతి దగ్గర చూసి, రాసుకుంది. చాలా జాగ్రత్తగా, ఒక్కొక్కరినీ రెండేసి సార్లు కొలిచింది. వదిన దగ్గరికొచ్చేసరికి గడియారం వెనకే ఉన్నాడు.

“ఇంతేనా! పిల్లల బెంచీ ఆర్డరివ్వాలేమో,” అన్నాడు.

అందరూ నవ్వారు. వదిన ఏదో అనబోయి నోరు మూసుకుంది. వెన్ను నిటారుగా చేసి, గడ్డం ఎత్తి, ఎదురుగా గోడకేసి చూస్తూ నిలబడింది. లీడరమ్మ అంకె రాసుకుని, కొలతలన్నీ ఓ కాగితం మీదికెక్కించి, కింద సంతకం పెట్టి గడియారానికిచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, “వదినా, ఇంక నీ భుజం సంగతి మర్చిపో,” అంది.

*

మూడు వారాల తర్వాత ఓ సోమవారం పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి లోపల వేరే షెడ్డు ఉంది. నేలకి ఆకుపచ్చ రంగు, దారులకి పసుపు గీతలు, గీతల మధ్య పదకొండు కొత్త బెంచీలు. చెక్క వాసన. ప్రతి బెంచీ మీదా ‘ఎనిమిదేళ్ళ గ్యారంటీ’ అని ఓ స్టిక్కరు. పాత బెంచీలు లేవు, కాళ్ళ కింది చెక్కలూ లేవు. ‘తట్టుకుని పడే వస్తువులు నేల మీద ఉండరాదు’ అని కంపెనీ వాళ్ళ కాగితంలో ఉందట. ఆదివారమే అన్నిటినీ పెరట్లోకి విసిరేశారు.

వదిన తన బెంచీని అరచేత్తో నిమిరింది. అంచుకి చెంప ఆనించి ఏటవాలుగా చూసింది. “పెళ్ళికూతురిలా ఉందే,” అని వాల్వుని వైస్‌లో పెట్టి, స్పానరు అందుకుంది.

మోచేతులు పైకి లేచాయి. ఆవిడ ఓ అడుగు వెనక్కి జరిగింది, మళ్ళీ ముందుకొచ్చింది, మునివేళ్ళ మీద లేచింది. వైస్ రొమ్ము దగ్గరికొచ్చింది. నట్టు బిగించాలంటే రెండు చేతులూ దండెం మీద ఆరేసిన చొక్కాలా చాచాల్సి వస్తోంది. అటు పక్క ముగ్గురు కూడా భుజాలు కుదుపుకుంటున్నారు.

“కొత్త కదా. కొత్త చెప్పులైనా రెండ్రోజులు కరవవూ?” అంది ఒకావిడ.

ఆ రోజు వదిన కౌంటు నూట డెబ్భై ఒకటి. మంగళవారం నూట యాభై ఎనిమిది. గడియారం రెండు అంకెలూ ఎర్ర పెన్నుతో రాశాడు. భుజాలు బాగున్నవాళ్ళు మాత్రం ఆపసోపాలు పడి ఎలాగో రెండు నలభై లాక్కొచ్చారు.

మంగళవారం మధ్యాహ్నం లేతు దగ్గర పనిచేసే ముసలాయన టీ గ్లాసు పట్టుకుని అటొచ్చాడు. ఆయన్ని అందరూ తాత అంటారు. వదిన పని చెయ్యడం కాసేపు చూశాడు.

“బెంచీ బాగుంది. ఎవరికోసం చేయించారూ?” అన్నాడు.

లీడరమ్మ ముఖం మాడ్చుకుని టేపు తీసింది. నేల నుంచి బెంచీ పైదాకా కొలిచింది. పుస్తకం తెరిచింది. తను రాసిచ్చిన కొలతకి నాలుగు వేళ్ళు కిందికి, అర అంగుళం కూడా తేడా లేదు. రెండోసారి కొలిచింది. బెంచీలు చేసినవాళ్ళు అక్షరాలా చెప్పినట్టే చేశారు. మరి వదిన ఈ మూడు వారాల్లో కుంగిపోయిందా? ఎటూ తోచక పుస్తకం మూసి, పనిలో పడింది.

సాయంత్రం ఇంటికొచ్చాక లీడరమ్మ బియ్యం కడుగుతోంది. వదిన వచ్చి, వంటగట్టు కింద ఉన్న చెక్కపెట్టెని కాలి బొటనవేలితో ఇవతలికి లాగి, దాని మీదెక్కి, ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది. కత్తి టకటకమంటోంది. కుడి భుజం దగ్గర జాకెట్టు మీద మందు నూనె మరక.

ఆ పెట్టె తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది. లీడరమ్మ కాలికి తగిలినప్పుడల్లా, దారికడ్డంగా ఏంటిదీ అని విసుక్కుంటూ లోపలికి తోసేస్తుంది. వదిన మళ్ళీ లాక్కుంటుంది. గట్టు కట్టించిన రోజున మేస్త్రీ, ఎంత ఎత్తమ్మా అంటే, లీడరమ్మ మోచెయ్యి మడిచి చూపించి, ఇంత అంది. వదిన ఆ రోజు పనిలో ఉంది.

లీడరమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నీళ్ళు పొంగి, బియ్యపు గింజలు తూములోకి పోతున్నాయి.

“వదినా, దిగు.”

“ఏంటే?”

“ఒక్కసారి కిందికి దిగు.”

వదిన దిగింది. గట్టు ఆవిడ గుండెల దాకా వచ్చింది. లీడరమ్మ వంగి జానతో పెట్టెని కొలిచింది. షెడ్డులో చెక్క ఎంత ఉండేదో కొలవక్కర్లేదు, కళ్ళ ముందే ఉంది. నాలుగంగుళాలు. తను టేపుని నేలకి తొక్కిపట్టింది. మనుషులేమో చెక్కల మీద ఉన్నారు.

“చెక్కలు,” అంది. “చెక్కలతో కలిపి కొలిచేశాను వదినా.”

వదిన మళ్ళీ పెట్టె ఎక్కి కత్తి తీసుకుంది.

“నాకు తెలుసు,” అంది.

“ఎప్పట్నుంచి?”

“అప్పట్నుంచే. నువ్వు టేపు నేలకి తొక్కావు, నేను చూశాను. దిగుతానే ఆగు అందామని నోరు తెరిచాను. ఈలోపు ఆయన పిల్లల బెంచీ అన్నాడు. అందరూ నవ్వారు.” ఇంకో ఉల్లిపాయ రెండుగా కోసింది. “నువ్వూ నవ్వావు. ఆ నవ్వుల మధ్య దిగి, ఇంకో నాలుగంగుళాలు తగ్గబుద్ధి కాలేదే.”

లీడరమ్మకి నవ్విన సంగతే గుర్తు లేదు. తూము దగ్గర పడ్డ గింజల్ని ఒక్కొక్కటే ఏరసాగింది.

“ఆ చెక్కలెలాగూ ఉంటాయిలే, సరిపోతుందిలే అనుకున్నాను. వాటిని పీకేస్తారని నేను కలగన్నానా?” అంది వదిన. “ఈ ఉద్యోగం పోతే నీ మొగుడు నన్నేమీ అనడు, తెలుసు. ఇన్నాళ్ళూ వాడు పెట్టగా నేను తినలేదు. అంతే.”

కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు కదా, అడగడానికి వీల్లేదు.

*

బుధవారం పొద్దున్నే లీడరమ్మ ఓనరు గదిలోకి వెళ్ళింది. ఓనరు చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే చూడలేడు, అందుకే కిటికీలోంచి బయటికి చూస్తాడు. గడియారం పక్కనే ఉన్నాడు.

కొలత తప్పిన సంగతి ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. “ఏడు బెంచీలకి కాళ్ళు నాలుగంగుళాలు కోస్తే చాలు సార్. తాత ఒక్క పూటలో కోసి, పాదాలు మళ్ళీ అతికిస్తానన్నాడు.”

“కాళ్ళు కోస్తే గ్యారంటీ పోతుందమ్మా. ఎనిమిదేళ్ళది,” అన్నాడు ఓనరు.

“పోనీ చెక్కలు మళ్ళీ వేసుకుంటాం. పెరట్లోనే ఉన్నాయి.”

“రేపు వాళ్ళొస్తుంటేనా? అదొక్కటీ చెయ్యకూడదని రాసి మరీ పంపారు.”

“వదిన భుజం పోతుంది సార్. ఇవాళ్టితో కౌంటు మూడో రోజు.”

గడియారం గొంతు సవరించుకున్నాడు. “తప్పు కొలతదని కాగితం మీద ఉంటే, వాళ్ళు వెళ్ళాక కాళ్ళు కోయించే సంగతి ఆలోచించొచ్చు. ఊరికే కోస్తే, కొన్నవాళ్ళకి కళ్ళు లేవా అంటారు.” తెల్లకాగితం ఒకటి ముందుకు జరిపాడు.

లీడరమ్మ నిలబడే రాసింది. కొలతలు నేనే తీశాను, తప్పు నాదే, ఓనరుకి గానీ బెంచీలు చేసినవాళ్ళకి గానీ సంబంధం లేదు. సంతకం.

“ఇప్పుడు మా వదిన లెక్క ఆపుతారా? బెంచీ సరిచేశాక మళ్ళీ తీయండి. నేనే పక్కన నిలబడి లెక్క చూపిస్తాను.”

“చూద్దాం,” అన్నాడు ఓనరు, కిటికీలోంచి చూస్తూ.

ఆ ఒక్క మాటనీ లీడరమ్మ కొంగున ముడేసుకుని బయటికొచ్చింది. ఆ రోజు వదిన కౌంటు నూట నలభై తొమ్మిది.

గురువారం కంపెనీ వాళ్ళు ఇద్దరొచ్చారు, ఓ మగాయనా ఓ ఆడావిడా. పొద్దున్నే గడియారం వదినని స్టోర్‌రూంలోకి పంపి, పెట్టెలో ఉన్న వాషర్లు లెక్కపెట్టమన్నాడు. ఆవిడ బెంచీ దగ్గర ప్యాకింగులో ఉండే పొడుగు మనిషిని నిలబెట్టాడు. ఆ పిల్లకి వాల్వు ఏ వైపు తిరుగుతుందో కూడా తెలీదు గానీ, బెంచీ ముందు మహారాణిలా నిలబడింది. చేతులు నేలకి సమాంతరంగా, వెన్ను నిటారుగా, కేటలాగులో బొమ్మలా.

ఆడావిడ ఆ బెంచీ చెక్కని నిమిరింది. “చాలా గట్టిగా ఉంది. ఎవరు ఎంచుకున్నారు?” అంది.

“మా పనివాళ్ళేనండి. ఇదిగో, ఈవిడే,” అని ఓనరు లీడరమ్మని ముందుకు తోశాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఆడావిడ లీడరమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది. మంచి ముఖమే. “మీ అందరికీ సౌకర్యంగా ఉందా?” అని అడిగింది. ఊరికే అడిగినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. పెన్ను గడి మీద ఆగి ఉంది.

స్టోర్‌రూం తలుపు ఓరగా తీసి ఉంది. లోపల వాషర్లు పళ్ళెంలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఒకటీ, ఒకటీ, ఒకటీ. నిజం లీడరమ్మ నాలుక చివర దాకా వచ్చింది. ఓనరు ఆవిడకేసి చూస్తున్నాడు. కొంగున ముడేసుకున్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు జారితే ఆ చూద్దాం కూడా పోతుంది.

“ఉందండీ,” అంది.

లోపల చప్పుడు కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆడావిడ టిక్కు పెట్టింది. ఫొటో తీశారు. లీడరమ్మ చెయ్యి బెంచీ మీద వెయ్యమన్నారు, వేసింది.

*

శుక్రవారం టీ టైములో గడియారం వదిన చేతిలో ఓ కాగితం పెట్టాడు. మూడు రోజుల సగటు నూట యాభై తొమ్మిది. సోమవారం నుంచి రానక్కర్లేదు.

లీడరమ్మ ఓనరు గదికి పరుగెత్తింది. గదికి తాళం. ఓనరు ఊళ్ళో లేడట. “చూద్దామన్నారు కదా సార్!” అంది గడియారంతో.

“చూశారుగా. ఆయన చూసే సంతకం పెట్టారు.”

వదిన గొడవ చెయ్యలేదు. పిడి దగ్గర గుడ్డ చుట్టుకున్న తన స్పానరుని స్టోరులో అప్పజెప్పి, గుడ్డ మాత్రం విప్పి తెచ్చుకుంది. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది. బెంచీ దగ్గరికొచ్చి దాన్నోసారి రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసింది.

“మంచిదే ఎంచుకున్నావే పిల్లా. అస్సలు ఊగదు,” అంది.

లీడరమ్మకి ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో చెప్పడం కష్టం. వదిన ఎత్తిపొడవలేదు. అదే ఇంకా బాధ.

శనివారం తాత ఏడు బెంచీలకీ కాళ్ళు కోశాడు. కాగితం ఉంది కదా, ఇప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. వదిన బెంచీని కూడా కోశాడు. గడియారం ఇచ్చిన జాబితాలో ఏడున్నాయి, ఆయన ఏడూ కోశాడు. ఇంట్లో వదిన ఆ రోజంతా అలమారలు సర్దింది. పొద్దున సర్దినవే సాయంత్రం మళ్ళీ సర్దింది.

సోమవారం గడియారం నోటీసు బోర్డు దగ్గరున్నాడు. బోర్డు మీద కొత్త ఫొటో. అందులో లీడరమ్మ చెయ్యి బెంచీ మీద ఉంది, ముఖం ఫొటోగ్రాఫరు వైపు ఉంది.

“కొలతలు తప్పు తీసినట్టు నువ్వే రాసిచ్చావు కదమ్మా. లీడరుగా ఉంచడం కుదరదు. నీ బెంచీ కొత్త లీడరుకి. నువ్వా ఖాళీ అయిన చోటు చూసుకో,” అన్నాడు.

లీడరమ్మ వెళ్ళి వదిన చోట్లో నిలబడింది. బెంచీ ఆవిడ తొడల పైదాకా కూడా సరిగ్గా రావడం లేదు. వాల్వుని వైస్‌లో పెట్టాలంటే నడుం వంచాలి, నట్టు చూడాలంటే మెడ కూడా వంచాలి. అటు పక్క ఆరుగురూ హాయిగా చేసుకుంటున్నారు. ఒకావిడ కూనిరాగం తీస్తోంది కూడా. ఆవిడ తప్పేం లేదు, మోచేతికి నాలుగు వేళ్ళు కిందుంది బెంచీ.

పదింటికల్లా నడుంలో సూదులు మొదలయ్యాయి. తాత పెద్ద స్పానరు పట్టుకొచ్చి బెంచీ పాదాల దగ్గర చతికిలబడ్డాడు.

“ఈ మరలు తిప్పితే ఓ అంగుళం లేస్తుంది. మొత్తం సరిపోదు గానీ కాస్త నయం. జరుగు.”

“వద్దు తాతా.”

“వద్దా? రేపీపాటికి మంచం మీంచి లేవలేవు.”

“ఈ బెంచీ వదిన కొలత.”

“ఆవిడేదీ?” అన్నాడు తాత. అనేసి నాలిక్కరుచుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

లీడరమ్మ వాల్వుని వైస్‌లో బిగించింది. వాషరు కూర్చోబెట్టింది, స్పిండిల్ కడ్డీని మరలోకి ఎక్కించింది, వంగి నట్టు లాగింది. గాలి పెట్టి నీళ్ళలో ముంచింది. బుడగ రాలేదు. పెట్టెలో వేసింది. ఇంకోటి తీసుకుంది. బెంచీ రవ్వంత కూడా కదల్లేదు.

సాయంత్రం గడియారం పెట్టెలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఆవిడ దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. నూట అరవై రెండు. ఎర్ర పెన్ను తీశాడు.

“ఏంటమ్మా, నువ్వు కూడానా? బెంచీ సరిపోలేదా ఏంటి?”

లీడరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా నిటారయింది. అలా నిలబడితే ఆవిడ గడియారం కంటే బెత్తెడు ఎత్తుంటుంది. ఆ సంగతి ఇద్దరూ ఇదివరకు గమనించలేదు.

“బెంచీకేం సార్,” అంది. “కొలత సరిగ్గా ఉంది.”